కాంగ్రెస్ చీలిక (1978): కాసు బ్రహ్మానందరెడ్డి, అంతర్గత ప్రజాస్వామ్య సమస్య

1978 జనవరి తొలి రోజుల్లో భారత జాతీయ కాంగ్రెస్ రెండుగా చీలింది. ఒక వర్గానికి మాజీ ప్రధాని ఇందిరాగాంధీ, రెండో వర్గానికి అప్పటి పార్టీ అధ్యక్షుడు కాసు బ్రహ్మానందరెడ్డి నాయకత్వం వహించారు. బ్రహ్మానందరెడ్డిది నరసరావుపేట సమీపంలోని చిరుమామిళ్ల గ్రామం. చీలిక నాటికి ఆయన నరసరావుపేట లోక్‌సభ సభ్యుడు. ఆయన వర్గాన్ని జనం ‘రెడ్డి కాంగ్రెస్’ అనీ, ఇందిర వర్గాన్ని ‘ఇందిరా కాంగ్రెస్’ లేదా ‘కాంగ్రెస్-ఐ’ అనీ పిలిచారు. పార్టీని నడపాల్సింది ఎన్నికైన కమిటీలా, జనాకర్షణ గల నాయకురాలా అన్నది ఈ చీలికలో ప్రధాన వివాదం. ఈ వివాదాన్ని పార్టీ సంస్థలు పరిష్కరించలేకపోయాయి. దానికి 1978 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక ఓటర్లు తీర్పు చెప్పారు. ఆ తీర్పు తర్వాత కూడా కాంగ్రెస్‌లో సంస్థాగత ఎన్నికలు ఒక దశాబ్దానికి పైగా మూలపడే ఉన్నాయి. ముఖ్యమంత్రులను ఢిల్లీ ఎంపిక చేసే పద్ధతి స్థిరపడింది. ఆంధ్రప్రదేశ్‌లో కొత్త ప్రాంతీయ పార్టీ పుట్టడానికి దారి తెరుచుకుంది.

నాయకుడు, ప్రాంతం

కాసు బ్రహ్మానందరెడ్డి 1909 జులై 28న జన్మించారు. న్యాయవాదిగా ప్రజాజీవితంలోకి వచ్చి, గుంటూరు జిల్లా బోర్డు రాజకీయాల ద్వారా ఎదిగారు. 1946లో మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆర్థికశాఖ సహా పలు శాఖలు నిర్వహించారు. కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు తీర్పు దరిమిలా నీలం సంజీవరెడ్డి రాజీనామా చేయగా, 1964 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. 1971 సెప్టెంబరు 30 వరకు ఆ పదవిలో కొనసాగారు.

పల్నాటి ప్రాంతానికి ఆ ఏడేళ్లు సాగర్ నీటి కాలం. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. అప్పటి ముఖ్యమంత్రి బ్రహ్మానందరెడ్డే. కుడి కాలువ నీటితో పల్నాటి మెట్టలు మాగాణిగా మారడం మొదలైంది. అదే కాలంలో 1966 నాటి విశాఖ ఉక్కు ఆందోళన, 1969 నాటి ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ఆయన ప్రభుత్వాన్ని కుదిపేశాయి. ముఖ్యమంత్రి పదవి వదిలాక ఆరో ఆర్థిక సంఘానికి అధ్యక్షుడయ్యారు. తర్వాత కేంద్ర మంత్రివర్గంలో చేరి, 1974 అక్టోబరు నుంచి 1977 మార్చి వరకు హోంమంత్రిగా పనిచేశారు.

పల్నాటి కాంగ్రెస్‌కు ఆయన కంటే పాత చరిత్ర ఉంది. 1921–22లో ఇక్కడి రైతులు అడవి పుల్లరికి వ్యతిరేకంగా తిరగబడ్డారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో మరణించాడు. ఊరూరా నాలుగణాల సభ్యత్వంతో కింది నుంచి కట్టుకుంటూ వచ్చిన పార్టీగా కాంగ్రెస్ ఇక్కడ వేళ్లూనుకుంది. 1978లో వివాదం నడిచింది కూడా ఆ సభ్యత్వం మీద నిలిచిన కమిటీల అధికారం గురించే.

ఎన్నికల సంప్రదాయం, దాని లోపం

1920 నాగపూర్ సమావేశంలో గాంధీ ప్రేరణతో ఆమోదించిన నియమావళి కాంగ్రెస్‌కు మెట్లుమెట్లుగా నిర్మాణాన్ని ఇచ్చింది. గ్రామ, తాలూకా, జిల్లా స్థాయి కమిటీల పైన రాష్ట్ర కమిటీ, దానిపైన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ, అన్నిటికంటే పైన కార్యవర్గం ఉంటాయి. కింది కమిటీ ప్రతినిధులు పై కమిటీని ఎన్నుకోవాలి. తెలుగు ప్రాంతానికి 1917లోనే ప్రత్యేక కాంగ్రెస్ మండలంగా గుర్తింపు దక్కింది. దానితో ఆంధ్ర కాంగ్రెస్‌లో అధ్యక్ష ఎన్నికలు ప్రభుత్వ ఎన్నికలంత వేడిగా సాగేవి.

అఖిల భారత స్థాయిలోనూ తెలుగువారు ఇలాంటి పోటీల్లో నిలిచారు. 1939 జనవరిలో గాంధీ మద్దతుతో బరిలోకి దిగిన భోగరాజు పట్టాభి సీతారామయ్య 1,377 ఓట్లు పొందగా, సుభాష్ చంద్రబోస్ 1,580 ఓట్లతో గెలిచారు. గెలిచిన బోస్‌కు కార్యవర్గాన్ని ఏర్పాటు చేసుకునే వీలే కలగలేదు. మూడు నెలలు తిరక్కుండానే రాజీనామా చేశారు. 1948లో పట్టాభి పురుషోత్తమదాస్ టాండన్‌పై గెలిచి అధ్యక్షుడయ్యారు.

ఆంధ్రలో 1951 పోటీ మరింత ప్రభావం చూపింది. రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి నిడుబ్రోలుకు చెందిన ఎన్.జి. రంగాపై నీలం సంజీవరెడ్డి గెలిచారు. ఓడిన రంగా పార్టీలో ఉండలేదు. ఆ ఏడే ప్రకాశం పంతులూ కాంగ్రెస్ వదిలారు. రంగా కృషికార్ లోక్ పార్టీ స్థాపించారు. 1952 ఎన్నికల్లో ఆంధ్ర ప్రాంతంలో కాంగ్రెస్ దెబ్బతినడానికి ఈ చీలికలు ఒక కారణం.

ఈ ఉదాహరణలు ఒక లోపాన్ని చూపిస్తాయి. కాంగ్రెస్‌లో ఎన్నికలు జరిగేవి, ఓట్లు లెక్కించేవారు, ఫలితం ప్రకటించేవారు. కానీ ఓడిన పక్షం పార్టీలోనే గౌరవంగా ఉండి, మళ్లీ పోటీ చేసే ఏర్పాటు గట్టిపడలేదు. 1939లోనైతే గెలిచినవాడికే నిలదొక్కుకునే చోటు లేకపోయింది. 1951లో ఓడినవారు బయటికి నడిచారు.

అధిష్ఠానం బలపడిన తీరు (1969–1976)

1969 రాష్ట్రపతి ఎన్నిక పార్టీని తొలిసారి నిలువునా చీల్చింది. పార్టీ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి కాగా, అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటేయండని ఇందిర పిలుపునిచ్చారు. వి.వి. గిరి గెలిచారు. పోటీ పడిన ఇద్దరూ తెలుగువారే. నవంబరు 12న పార్టీ అధ్యక్షుడు నిజలింగప్ప ఇందిరను బహిష్కరించారు. అఖిల భారత కమిటీ సభ్యుల్లో ఎక్కువమంది ఆమె వెంట నడిచారు. ఏ వర్గం అసలు కాంగ్రెస్ అన్న తగాదా ఎన్నికల సంఘానికి, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. సాదిక్ అలీ కేసులో సుప్రీంకోర్టు సంఖ్యాబలమే ప్రమాణమన్న ఎన్నికల సంఘం వాదాన్ని సమర్థించింది. పాత జోడెద్దుల గుర్తు స్తంభించింది. ఇందిర వర్గానికి ఆవు-దూడ, ఎదుటి వర్గానికి చరఖా తిప్పే మహిళ గుర్తులయ్యాయి.

1971 లోక్‌సభ ఎన్నికల్లో ఇందిర భారీ మెజారిటీతో గెలవడంతో పార్టీలో బలాబలాల తూకం మారిపోయింది. ఆ ఎన్నికల్లో తెలంగాణలో మర్రి చెన్నారెడ్డి నాయకత్వంలోని తెలంగాణ ప్రజా సమితి 10 స్థానాలు గెలిచింది. కొద్ది నెలలకే బ్రహ్మానందరెడ్డి రాజీనామా చేయాల్సి వచ్చింది. శాసనసభలో ఆయనకు మెజారిటీ లేక కాదు, ఢిల్లీ కోరింది కాబట్టి. ఆయన స్థానంలో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యారు. 1973 జనవరిలో ఆ ప్రభుత్వమూ జై ఆంధ్ర ఉద్యమం మధ్య దిగిపోయింది. రాష్ట్రపతి పాలన తర్వాత అదే ఏడాది డిసెంబరులో జలగం వెంగళరావు ముఖ్యమంత్రి అయ్యారు.

1972 తర్వాత దేశవ్యాప్తంగా సంస్థాగత ఎన్నికలు ఆగిపోయాయి. రాష్ట్ర, జిల్లా కమిటీలకు ఎన్నికల బదులు నియామకాలు వచ్చాయి. 1975 జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితి ప్రకటించే నిర్ణయంలో మంత్రివర్గం పాత్ర కూడా లేదు. మంత్రులకు విషయం మర్నాటి ఉదయం తెలిసింది. ఆ రాత్రి హోంమంత్రి బ్రహ్మానందరెడ్డిని ప్రధాని నివాసానికి పిలిపించి, అప్పటికే తీసుకున్న నిర్ణయాన్ని చెప్పినట్టు, అత్యవసర పరిస్థితిపై ఏర్పడిన షా కమిషన్ విచారణలో నమోదైంది. ఆయన పేరుకు హోంమంత్రి అయినా, ఆ శాఖలో అసలు పెత్తనం సహాయమంత్రి ఓం మెహతా చేతిలో ఉండేది. ఇరవై ఒక్క నెలల అత్యవసర పరిస్థితిలో పార్టీ యంత్రాంగం, ప్రభుత్వ యంత్రాంగం ఒకే ఇంటి చుట్టూ తిరిగాయి.

1977 ఓటమి, అధ్యక్ష ఎన్నిక

1977 మార్చి ఎన్నికల్లో కాంగ్రెస్ కేంద్రంలో అధికారం కోల్పోయింది. రాయబరేలీలో ఇందిర స్వయంగా ఓడిపోయారు. ఉత్తర భారతం తుడిచిపెట్టుకుపోగా ఆంధ్రప్రదేశ్ మాత్రం పార్టీ వెంట నిలిచింది. 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌వే. మిగిలిన ఒక్క నంద్యాలలో జనతా అభ్యర్థిగా సంజీవరెడ్డి గెలిచారు. నరసరావుపేట నుంచి బ్రహ్మానందరెడ్డి లోక్‌సభకు వెళ్లారు. ఈ ఫలితంతో పార్టీలో తెలుగు నాయకుల మాటకు మునుపెన్నడూ లేని బరువు వచ్చింది.

ఓటమికి బాధ్యులెవరన్న చర్చతో అంతర్గత సంక్షోభం మొదలైంది. పార్టీ అధ్యక్షుడు దేవ్‌కాంత్ బారువా తప్పుకున్నారు. 1977 మే నెలలో అఖిల భారత కమిటీ సమావేశంలో అధ్యక్ష పదవికి పోటీ జరిగింది. పశ్చిమ బెంగాల్ మాజీ ముఖ్యమంత్రి సిద్ధార్థ శంకర్ రాయ్‌పై బ్రహ్మానందరెడ్డి గెలిచారు. అప్పుడు ఆయనకు ఇందిర మద్దతు కూడా ఉంది. నెమ్మదస్తుడు, అందరినీ కలుపుకుపోగలడన్న పేరు ఉండటంతో ఇరుపక్షాలకూ ఆయన ఆమోదయోగ్యుడయ్యారు. స్వాతంత్ర్యం తర్వాత పట్టాభి, సంజీవరెడ్డి, దామోదరం సంజీవయ్యల తర్వాత ఆ పదవి చేపట్టిన తెలుగు నాయకుడు ఆయన.

లోక్‌సభలో ప్రతిపక్ష నాయకుడు యశ్వంతరావ్ చవాన్, స్వరణ్ సింగ్, బ్రహ్మానందరెడ్డి సమష్టి నాయకత్వం కావాలన్నారు. ఏ ఒక్కరి ఇష్టప్రకారమో కాక కార్యవర్గ నిర్ణయం ప్రకారం పార్టీ నడవాలన్నది వారి వాదం. ఇందిర వర్గం ఎదురు వాదం కూడా తేలికగా కొట్టిపారేయదగ్గది కాదు. కార్యవర్గంలో కూర్చున్నవారిలో ఓట్లు తెచ్చే శక్తి ఎవరికుంది, ఓడిన పార్టీని జనంలోకి ఎవరు తీసుకెళ్లగలరు అని వారు అడిగారు. దళితుల ఊచకోత జరిగిన బీహారు గ్రామం బెల్చీకి ఆగస్టులో వరదనీటిలో ఏనుగుపై వెళ్లి ఇందిర తన జవాబు తానే చెప్పారు. అక్టోబరు 3న జనతా ప్రభుత్వం ఆమెను అరెస్టు చేయగా, మర్నాడే కోర్టు విడుదల చేసింది. ఆ అరెస్టుతో ఆమెకు సానుభూతి పెరిగింది.

రెడ్డి, చవాన్ వర్గానికి ఒక పెద్ద బలహీనత ఉంది. సమష్టి నాయకత్వం అడుగుతున్నవారంతా అత్యవసర పరిస్థితి ప్రభుత్వంలో మంత్రులుగా ఉండి, ఆనాడు మౌనం పాటించినవారే. హోంమంత్రిగా చేసిన నాయకుడు ప్రజాస్వామ్య పునరుద్ధరణ గురించి మాట్లాడితే జనం నమ్మడం కష్టమైంది.

బహిష్కరణ, రెండు కాంగ్రెస్‌లు

1977 డిసెంబరులో ఇందిర కార్యవర్గానికి రాజీనామా చేశారు. 1978 జనవరి 1, 2 తేదీల్లో ఢిల్లీలో ఆమె అనుచరులు జాతీయ సదస్సు జరిపి ఆమెను అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. దానికి ప్రతిగా బ్రహ్మానందరెడ్డి ఆమెను పార్టీ నుంచి బహిష్కరించారు. ఎనిమిదేళ్ల వ్యవధిలో ఇద్దరు కాంగ్రెస్ అధ్యక్షులు ఇందిరను బహిష్కరించినట్టయింది. మొదటిసారి ఆమె ప్రధాని, రెండోసారి ఏ పదవీ లేని మాజీ ప్రధాని. రెండు సందర్భాల్లోనూ నియమావళి ప్రకారం అధ్యక్షుడికి ఆ అధికారం ఉంది. రెండు సందర్భాల్లోనూ జనం ఆమె వైపే వెళ్లారు.

నాయకుల్లో చీలిక ఇలా సాగింది. పి.వి. నరసింహారావు, కమలాపతి త్రిపాఠి, బూటాసింగ్, మర్రి చెన్నారెడ్డి, కర్ణాటక నేత దేవరాజ్ అర్స్ ఇందిరతో వెళ్లారు. చవాన్, స్వరణ్ సింగ్, మహారాష్ట్ర ముఖ్యమంత్రి వసంతదాదా పాటిల్, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి జలగం వెంగళరావు రెడ్డి కాంగ్రెస్‌లో ఉండిపోయారు. పదవుల్లో ఉన్నవారిలో ఎక్కువమంది పాత పార్టీలోనే నిలిచారు. పదవి లేనివారు, పదవి పోయినవారు ఇందిర పక్షం చేరారు.

గుర్తు విషయంలో ఆవు-దూడ రెడ్డి కాంగ్రెస్‌కే మిగిలింది. ఇందిరా కాంగ్రెస్ చెయ్యి గుర్తు ఎంచుకుంది. ఎన్నికల సంఘం ముందున్న గుర్తుల్లో ఒకటి ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు బూటాసింగ్ విజయవాడలో ఉన్న ఇందిరకు ఫోన్ చేశారని, ‘హాథ్’, ‘హాథీ’ మాటల మధ్య ఆయన ఉచ్చారణ తికమక పెట్టగా పక్కనున్న పి.వి. సర్దిచెప్పారని ఒక కథ కాంగ్రెస్ వర్గాల్లో ప్రచారంలో ఉంది. నేటికీ ఆ పార్టీ గుర్తు అదే.

1978 ఫిబ్రవరి తీర్పు

చీలిక జరిగిన రెండు నెలల్లోపే ఆంధ్రప్రదేశ్, కర్ణాటక శాసనసభల ఎన్నికలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో బరిలో మూడు పెద్ద పక్షాలు నిలిచాయి. అధికారంలో ఉన్న వెంగళరావు ప్రభుత్వంతో రెడ్డి కాంగ్రెస్, కేంద్రంలో పాలిస్తున్న జనతా పార్టీ, చేతిలో ఏమీ లేని ఇందిరా కాంగ్రెస్ తలపడ్డాయి. 294 స్థానాల్లో ఇందిరా కాంగ్రెస్ 175, జనతా 60, రెడ్డి కాంగ్రెస్ 30 గెలిచాయి. మార్చి 6న చెన్నారెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. ఏడేళ్ల కిందట ఎవరి ఉద్యమం బ్రహ్మానందరెడ్డి పదవికి ఎసరు తెచ్చిందో, ఆ నాయకుడే ఇప్పుడు ఆయన పార్టీని ఓడించిన పక్షానికి ముఖ్యమంత్రి. కర్ణాటకలో ఇందిరా కాంగ్రెస్ 224కు 149 స్థానాలు గెలుచుకుంది.

ఈ ఫలితానికి అనేక కారణాలున్నాయి. అత్యవసర పరిస్థితి దెబ్బ ఉత్తరాదిలో తగిలినంతగా దక్షిణాదిలో తగల్లేదు. భూసంస్కరణలు, ఇళ్ల స్థలాలు, ఇరవై సూత్రాల కార్యక్రమం పేదల్లో, ముఖ్యంగా దళితుల్లో ఇందిర పేరుతో ముడిపడ్డాయి. రెడ్డి కాంగ్రెస్ ఎమ్మెల్యేలకు, జిల్లా పరిషత్తు, సమితి పెద్దలకు ఊళ్లలో పట్టు ఉంది గాని, ఆ పట్టును దాటి ఓటరు నేరుగా నాయకురాలికి ఓటేశాడు. పార్టీ పెద్దలు ఎటు ఉంటే ఊరు అటు ఉంటుందన్న పాత లెక్క పల్నాడు సహా కోస్తా జిల్లాలన్నిటా చెదిరింది.

బ్రహ్మానందరెడ్డి పరాజయానికి బాధ్యత వహించి అధ్యక్ష పదవి వదిలారు. స్వరణ్ సింగ్ ఆ స్థానంలోకి వచ్చారు.

తర్వాతి మలుపులు

రెడ్డి కాంగ్రెస్ జీవితం ఎక్కువ కాలం సాగలేదు. మహారాష్ట్రలో రెండు కాంగ్రెస్‌లు కలిసి వసంతదాదా పాటిల్ నాయకత్వంలో ప్రభుత్వం ఏర్పాటు చేశాయి. 1978 జులైలో శరద్ పవార్ తిరుగుబాటుతో అది పడిపోయింది. 1979లో దేవరాజ్ అర్స్ ఇందిరతో విభేదించి ఇటు వచ్చి అధ్యక్షుడయ్యాక, పార్టీ కాంగ్రెస్-యు అయింది. అదే ఏడు జనతా ప్రభుత్వం కూలి చరణ్ సింగ్ ప్రధాని కాగా, చవాన్ ఉప ప్రధాని, బ్రహ్మానందరెడ్డి పరిశ్రమల మంత్రి అయ్యారు. వివాదాల్లో పడిన ఆవు-దూడ గుర్తు చివరికి వాడుకలో లేకుండా పోయింది.

1980 జనవరి ఎన్నికల నాటికి బ్రహ్మానందరెడ్డి తాను బహిష్కరించిన నాయకురాలి పార్టీలోకి వచ్చారు. నరసరావుపేట నుంచి కాంగ్రెస్-ఐ అభ్యర్థిగా గెలిచారు. రాష్ట్రంలో ఆ పార్టీకి 41 స్థానాలు దక్కాయి. ఒక్క పార్వతీపురం కాంగ్రెస్-యుకు వెళ్లింది. ఇందిర రాయబరేలీ, మెదక్ రెండుచోట్లా గెలిచి మెదక్ ఉంచుకున్నారు. 1951లో ఓడి వెళ్లిపోయిన రంగా కూడా తిరిగివచ్చి అదే ఎన్నికల్లో గుంటూరు నుంచి కాంగ్రెస్-ఐ తరఫున గెలిచారు. బ్రహ్మానందరెడ్డి 1988 నుంచి 1990 వరకు మహారాష్ట్ర గవర్నరుగా పనిచేసి, 1994 మే 20న మరణించారు. హైదరాబాదులోని జాతీయ ఉద్యానవనానికి ఆయన పేరు పెట్టారు.

సీల్డు కవరు ముఖ్యమంత్రులు

చీలికలో గెలిచిన పద్ధతి ఆంధ్రప్రదేశ్‌లో వెంటనే ఫలితాలు చూపింది. 1978 నుంచి 1983 వరకు నలుగురు ముఖ్యమంత్రులు మారారు. చెన్నారెడ్డి తర్వాత 1980 అక్టోబరులో టి. అంజయ్య, 1982 ఫిబ్రవరిలో భవనం వెంకట్రామ్, సెప్టెంబరులో కోట్ల విజయభాస్కరరెడ్డి వచ్చారు. శాసనసభా పక్షం సమావేశమై నాయకుణ్ణి ఎన్నుకునే తంతు మిగిలింది గాని, పేరు ఢిల్లీ నుంచి వచ్చేది. ‘సీల్డు కవరు ముఖ్యమంత్రి’ అన్న మాట పత్రికల్లో, వీధుల్లో స్థిరపడింది.

1982 మార్చి 29న ఎన్.టి. రామారావు తెలుగుదేశం స్థాపించి, తెలుగువారి ఆత్మగౌరవం పేరుతో ఈ పద్ధతినే ప్రశ్నించారు. 1983 జనవరిలో అధికారం చేపట్టారు. 1984లో నరసరావుపేట లోక్‌సభ స్థానం కూడా తెలుగుదేశం వశమైంది. కాటూరి నారాయణస్వామి గెలిచారు. తర్వాతి దశాబ్దాల్లో ఈ నియోజకవర్గానికి అభ్యర్థుల ఎంపిక ఎక్కువగా పార్టీ కేంద్రాల్లోనే జరిగింది. 1999లో నేదురుమల్లి జనార్దనరెడ్డి, 2004లో మేకపాటి రాజమోహనరెడ్డి ఇక్కడి నుంచి కాంగ్రెస్ ఎంపీలయ్యారు. ఇద్దరిదీ నెల్లూరు జిల్లా.

ఆత్మగౌరవ నినాదంతో పుట్టిన పార్టీలోనూ అంతర్గత సమస్య తీరలేదు. 1984 ఆగస్టులో నాదెండ్ల భాస్కరరావు తిరుగుబాటు చేస్తే గవర్నరు రామ్‌లాల్ ఎన్టీఆర్‌ను తొలగించారు. జనోద్యమం తర్వాత సెప్టెంబరు 16న ఆయన మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. 1995 ఆగస్టులో ఎమ్మెల్యేల్లో అత్యధికులు హైదరాబాదు వైస్రాయ్ హోటల్‌లో శిబిరం వేసి చంద్రబాబు నాయుడి వెంట నిలిచారు. సెప్టెంబరు 1న ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. సైకిల్ గుర్తు ఆ వర్గానికే దక్కింది. 1996 జనవరి 18న ఎన్టీఆర్ మరణించారు. నాయకుడితో విభేదించడానికి పార్టీలో మామూలు దారి లేనప్పుడు విభేదం హోటల్ శిబిరంగా, గవర్నరు బంగళా ముందు బలప్రదర్శనగా మారింది. 2022 జులైలో గుంటూరు జిల్లాలో జరిగిన ప్లీనరీలో మరో ప్రాంతీయ పార్టీ వైఎస్సార్ కాంగ్రెస్ జగన్‌మోహనరెడ్డిని జీవితకాల అధ్యక్షుడిగా ఎన్నుకుంది. శాశ్వత పదవి ప్రజాస్వామ్య విరుద్ధమని అదే ఏడాది సెప్టెంబరులో ఎన్నికల సంఘం అభ్యంతరం చెప్పింది.

సంస్కరణ ప్రయత్నాలు

కాంగ్రెస్‌లో సంస్థాగత ఎన్నికలు ఇరవై ఏళ్ల తర్వాత తిరిగొచ్చింది పి.వి. నరసింహారావు హయాంలో. 1992 ఏప్రిల్‌లో తిరుపతిలో జరిగిన మహాసభలో కార్యవర్గానికి ఓటింగ్ జరిగింది. అర్జున్ సింగ్, శరద్ పవార్ వంటి ప్రత్యర్థులు గెలిచారు. దళితులు, గిరిజనులు, మహిళలు ఎవరూ గెలవలేదన్న కారణం చూపి పి.వి. గెలిచినవారందరి చేతా రాజీనామా చేయించి, కార్యవర్గాన్ని తిరిగి కూర్చారు. అర్జున్ సింగ్, పవార్ నియమిత సభ్యుల జాబితాలోకి వెళ్లారు. ప్రాతినిధ్యం గురించి చెప్పిన కారణం నిజమైనదే. దాని వల్ల ప్రత్యర్థుల బలం తగ్గిందన్నదీ నిజమే.

చట్టం వైపు నుంచి మూడు మార్పులు వచ్చాయి. 1968 నాటి గుర్తుల ఉత్తర్వు, దానిపై సాదిక్ అలీ తీర్పు చీలికలను లెక్కతో తేల్చే పద్ధతి ఇచ్చాయి. 1985లో 52వ రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చిన పదో షెడ్యూలు ఫిరాయింపులను అడ్డుకుంటూనే, శాసనసభ్యుడిని విప్‌కు కట్టివేసింది. 1989 నుంచి అమల్లోకి వచ్చిన ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఎ సెక్షన్ పార్టీల నమోదుకు పద్ధతి ఏర్పరచి, రాజ్యాంగానికీ ప్రజాస్వామ్యానికీ కట్టుబడతామని హామీ అడిగింది. ఎన్నికల సంఘం 1990లలో సంస్థాగత ఎన్నికలు జరపాలని పార్టీలపై ఒత్తిడి తెచ్చింది. అయితే పార్టీ లోపలి ఎన్నిక నిజంగా జరిగిందా, జాబితాలో బోగస్ సభ్యులెందరు అన్నది విచారించే గట్టి అధికారం ఏ సంస్థకూ లేదు.

1997లో కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో సీతారాం కేసరి పవార్, రాజేశ్ పైలట్‌లపై గెలిచారు. రెండేళ్లకు పవార్ వేరు పార్టీ పెట్టారు. 2000లో సోనియాగాంధీపై జితేంద్ర ప్రసాద పోటీ చేసి ఓడారు. 2022 అక్టోబరులో మల్లికార్జున ఖర్గే 7,897 ఓట్లతో శశి థరూర్‌ (1,072) పై గెలిచారు. పది నెలల తర్వాత థరూర్ కార్యవర్గంలో సభ్యుడయ్యారు. కాంగ్రెస్ చరిత్రలో అరుదైన ముగింపు ఇది.

ఇతర దేశాల్లో: ఫతా ఉదాహరణ

జాతీయ విముక్తి కోసం పుట్టిన ఉద్యమాలు అధికారంలోకి వచ్చాక ఇలాంటి సంక్షోభాన్ని ఎదుర్కోవడం ఇతర దేశాల్లోనూ కనిపిస్తుంది. దగ్గరి ఉదాహరణ పాలస్తీనా ఉద్యమ సంస్థ ఫతా. 1950ల చివర్లో యాసర్ అరాఫత్, ఆయన సహచరులు స్థాపించిన ఈ సంస్థ 1969 నుంచి పాలస్తీనా విమోచన సంస్థకు నాయకత్వం వహించింది. దాని అయిదో మహాసభ 1989లో ట్యునీషియా రాజధాని ట్యూనిస్‌లో జరగ్గా, ఆరోది 2009 ఆగస్టులో బెత్లెహేమ్‌లో జరిగింది. మధ్యలో ఇరవై ఏళ్లు. కాంగ్రెస్‌లో 1972–92 విరామమూ అంతే.

ఆ విరామంలో ఓస్లో ఒప్పందం, పాలస్తీనా అథారిటీ ఏర్పాటు, అరాఫత్ మరణం జరిగిపోయాయి. ప్రవాసంలో ఎదిగిన పాత తరం నాయకులకు, వెస్ట్ బ్యాంక్, గాజాల్లో తిరుగుబాట్లలో రాటుతేలిన యువతరానికి మధ్య అంతరం పెరిగింది. 2005 చివర్లో ఇజ్రాయెల్ జైల్లో ఉన్న మర్వాన్ బర్ఘూతీ మద్దతుదారులు విడి జాబితా దాఖలు చేశారు. చివరికి సర్దుబాటు జరిగినా, 2006 జనవరి 25న జరిగిన ఎన్నికల్లో 132 స్థానాల్లో ప్రత్యర్థి సంస్థ హమాస్ 74, ఫతా 45 గెలిచాయి. అవినీతిపై జనాగ్రహంతో పాటు, ఒకే నియోజకవర్గంలో ఫతా వారే పలువురు పోటీపడి ఓట్లు చీల్చుకోవడం ఈ ఓటమికి కారణం. 2007 జూన్‌లో గాజా హమాస్ చేతికి వెళ్లింది. 2009 మహాసభ కొత్త తరానికి కేంద్ర కమిటీలో చోటిచ్చింది. కానీ మహమూద్ అబ్బాస్ ఎదురు లేకుండా నాయకుడిగా కొనసాగారు. 2021లో విడి జాబితాతో పోటీకి సిద్ధమైన నాసర్ అల్ ఖిద్వాను ఫతా బహిష్కరించింది. ఆ ఎన్నికలే ఏప్రిల్‌లో వాయిదా పడ్డాయి.

రెండింటి మధ్య తేడాలు పెద్దవి. ఫతా ఆక్రమణ కింద, సొంత రాజ్యం లేకుండా పనిచేస్తోంది. దాని నాయకులు జైళ్లలో, ప్రవాసంలో ఉన్నారు. కాంగ్రెస్ చీలికకు తీర్పు చెప్పడానికి రెండు నెలల్లో ఎన్నికలు వచ్చాయి. పాలస్తీనీయులకు 2006 తర్వాత శాసనమండలి ఎన్నికల అవకాశమే రాలేదు. ఓటరు తీర్పు దొరకని చోట పార్టీ లోపలి తగాదా దేశ విభజనంత పెద్దదైంది.

అంచనా

1978 చీలికను ఇందిర వ్యక్తిపూజకు, రెడ్డి వర్గం ప్రజాస్వామ్యానికి మధ్య పోరాటంగా చూడటం సరిపోదు. రెడ్డి వర్గం దగ్గర నియమావళి ఉంది, జనం లేరు. ఇందిర వర్గం దగ్గర జనం ఉన్నారు, ఆ వర్గం నియమావళి అక్కర్లేదనుకుంది. బ్రహ్మానందరెడ్డి స్వయంగా ఈ రెండు పద్ధతుల మధ్యా నడిచిన మనిషి. 1971లో ఢిల్లీ మాటకు ముఖ్యమంత్రి పదవి వదిలారు. 1975లో ఢిల్లీ నిర్ణయానికి తలూపారు. 1977లో ఓట్లతో అధ్యక్షుడయ్యారు. 1978లో ఆ అధికారంతో నాయకురాలిని బహిష్కరించారు. 1980లో తిరిగి ఆమె గుర్తు మీదే నరసరావుపేటలో గెలిచారు. ఆయనను అవకాశవాది అనడం తేలిక. కానీ రంగా, చవాన్, వెంగళరావు తదితరులూ కాస్త వెనకాముందుగా అదే దారిలో తిరిగొచ్చారు కాబట్టి, కారణం వ్యక్తుల కంటే వ్యవస్థలో ఎక్కువ ఉంది. పార్టీలో ఓడి పార్టీలోనే ఉండే వీలు లేని చోట నాయకుడికి మిగిలేవి రెండే దారులు: బయటికి పోవడం, లొంగి తిరిగిరావడం.

సంస్థాగత ఎన్నికలు ఎన్నిసార్లు జరిగాయన్న లెక్క కంటే, ఓడిన అభ్యర్థి మర్నాడు ఎక్కడున్నాడన్నదే అంతర్గత ప్రజాస్వామ్యానికి నమ్మదగిన కొలమానం. ఆ కొలమానంతో చూస్తే 1939, 1951, 1978, 1995 సంవత్సరాలు ఒక వరుసలో నిలుస్తాయి. 2022 ఎన్నిక ఆ వరుసలో చేరలేదు. అది కొత్త సంప్రదాయానికి నాంది అవుతుందా అన్నది, నిజంగా అధికారం చేతులు మారే పోటీలో ఓడినవారికి ఏం జరుగుతుందో చూశాకే తేలుతుంది.